బండి నేర్చుకున్నోని ఎపిసోడ్

నాకు అక్షరాలు అరవై దాటినంక వచ్చినయి. అంతకుముందు మా ఇంటికి ఏ కాగితం వచ్చినా పక్కింటి వదినే చదివేది. వదిన అంటే చుట్టం కాదు, ఒకరినొకరం అట్లనే పిలుసుకుంటం. మెట్టుగూడల మా రెండిండ్లకు నడుమ ఒక్కటే గోడ, అంతే. ఆమె పది దాకా చదువుకున్నది. నేను బడి మొఖం చూసింది ఆయమ్మగా పనిల చేరినప్పుడే. ఇరవై ఏండ్లు ఆ బడి ఊడ్చిన. బోర్డు మీద ఏం రాసి ఉన్నదో తెల్వకుండనే తుడిచిన.

రోజూ నాలుగింటికి, చాయ్ టైముకు, వదిన మా పరదా జరుపుకొని లోపలికి వచ్చేది. తలుపు కొట్టుడు లేదు, పిలుసుడు లేదు. కండ్లద్దాల డబ్బా తీసి "తే, ఏమొచ్చింది" అనేది. కరెంటు బిల్లు, పెండ్లి కార్డు, పేపరు, ఏదుంటే అది చదివేది. ఏమీ రాని రోజు ఉప్పు పాకిటు మీద ఉన్నది చదివేది.

చర్చి హాల్ల పెద్దోళ్లకు చదువు షురూ చేస్తే నేను పోయిన. ఏడాదిన్నర పట్టింది. ఒకనాడు ఎవరిదో పెండ్లి కార్డు వచ్చింది. వదిన ఎప్పటి లెక్కనే అద్దాలు పెట్టుకొని చెయ్యి చాపింది.

"వద్దులే వదినా, నాకొస్తది. నేనే చదువుకుంట" అన్న.

గర్వంతోనే అన్న, అబద్ధమెందుకు. ఆమె "మంచిదే గదా" అని అద్దాలు డబ్బాల పెట్టింది. మూత టక్కుమన్నది. చాయ్ తాగి పోయింది. మర్నాడు మోకాళ్ల నొప్పి అన్నది. ఆ తర్వాత ఏమీ అనలేదు. రాలేదు. ఏడు నెలలైంది.

ఇట్లుండంగ మా క్లాసుకు గోడ పత్రిక పెడుతమన్నరు. ఆ రోజు నేను ఆలస్యంగ పోయిన. టీచరమ్మ చెప్పిన మాట వినలేదు, బోర్డు మీదున్నదే చూసి రాసుకున్న. టీవీల చూసిన ఏదన్న ఒక కార్యక్రమం మీద ఏదో రాసుకురావాలె. ఆ ఏదో అన్న మాట చివర్ల 'క్ష' ఉన్నది. నేను అన్నిటికన్న ఆఖరున నేర్చుకున్న అక్షరం అది. దాన్ని చూస్తే నాకు ఒక్కటే మాట యాదికొస్తది. పరీక్ష.

పరీక్షంటే ఏది అడిగినా జవాబు ఉండాలె గదా. మనుమరాలిని అడిగితే ఒక పాత ఇంగ్లీషు కామెడీ పెట్టింది. తెలుగు మాటలు వేసిన్రు దానికి. దోస్తుల కథ. అందరూ ఒక్క బిల్డింగులనే ఉంటరు. ఎంత పాతదంటే ఫోనుకు ఇంకా వైరున్నది. ఒక్క ఎపిసోడే నాలుగుసార్లు చూసిన.

మొదటిసారి చూసి రాసింది ఇదీ. వీళ్లకు పనిపాట లేదు. ఎప్పుడు చూసినా సోఫాల కూసుంటరు, తాగిన కప్పు ఒక్కరు కడగరు. ఎవరో కనపడని జనం నవ్వుతుంటరు, ఎందుకో తెల్వదు. ఒక దోస్తు ఇంకొక దోస్తును రోజూ తన కారుల ఆఫీసుకు తీస్కపోతడు. ఆ రెండోడు ఎవరికీ చెప్పకుండ బండి నేర్చుకొని, సొంత కారు కొనుక్కొని వచ్చి చూపిస్తడు. మొదటోడు సంతోషమే అంటడు గని, అప్పటిసంది ముటముట. కప్పు టేబులు మీద కొట్టినట్టు పెడ్తడు. నా తీర్పు: వాడు ఓర్వలేనోడు.

రెండోసారి చూసినప్పుడు ఒక సంగతి కండ్లవడ్డది. పొద్దున మొదటోడు కారు ఎక్కే ముందు పక్క సీటు తలుపు తీస్తడు. అలవాటు. అక్కడ ఎవ్వరూ లేరు. మళ్ల మెల్లగ మూస్తడు. కనపడని జనం నవ్విన్రు. నాకు నవ్వు రాలేదు. లేచిన. స్టవ్ ముట్టించి గిన్నె లేదని ఆర్పిన. కూసున్న, మళ్ల లేచిన. మా పరదా కదిలింది. గాలి.

ఓర్వలేనోడు అన్నది కొట్టేసిన.

ఆ ఎపిసోడు ఆఖరుకు రెండోడు "నా కారు స్టార్టయితలేదు, జెర దింపవా" అని ఫోను చేస్తడు. కారుకు ఏం కాలేదు. మొదటోడు చెప్పులు సుత వేసుకోకుండ ఉరికొస్తడు. అయిపాయె. అరగంట కూడ పట్టలేదు వాళ్లకు, నడుమ సబ్బు యాడ్‌లతో సహా. ఆ అబద్ధం మాత్రం నాకు నచ్చలేదని రాసిన.

నేను కూడ పోయి కండ్లు మసకగున్నయి, చదివిపెట్టు అంటే వదిన వస్తది. అది నాకు తెలుసు. ఆ పెండ్లి కార్డే పట్టుకొని గడప దాకా పోయిన, తిరిగొచ్చిన. నేను అబద్ధమాడితే నా మొఖమే చెప్తది. ముప్పై ఏండ్లు నా మొఖం చూసిన మనిషి ముందు అది నడువది. ఇంట్ల ఇటు అటు తిరిగిన. ఆఖరుకు కార్డు అక్కడ పడేసి నోటుబుక్కు పట్టుకొని పోయిన.

వదిన బియ్యంల రాళ్లు ఏరుతున్నది.

"ఏంది వదినా, తొవ్వ తప్పినవా" అన్నది.

"తప్పలే. పరీక్ష రాసిన. చదివి వినిపిస్త, కూసో."

"నేను కూసునే ఉన్న గదా. నిలబడ్డది నువ్వు."

కూసున్న. "అద్దాలు పెట్టుకో" అన్న.

"చదివేది నువ్వు. నాకెందుకు అద్దాలు?"

ఇన్నేండ్లు ఆమె చదివితే నేను విన్న. ఇప్పుడు నేను చదువుతున్న. ఒక్కో లైనుకు ఒక ఊపిరి పడుతున్నది. వదిన తల ఎత్తలేదు. పక్క సీటు తలుపు కాడికి వచ్చేసరికి ఆమె చెయ్యి చాటల ఆగింది.

"వాన్ని ఓర్వలేనోడు అంటివి గదా ముందల?"

"అన్న. కొట్టేసిన. గీతలున్నయి, చూడు."

"అద్దాలు లేకుంటె ఎట్ల చూడాలె" అని లేచింది. డబ్బా మూత టక్కుమన్నది. పుస్తకం గుంజుకొని పై నుంచి షురూ చేసింది.

"ఇదేంది, మీద పరీక్ష అని రాసినవ్?"

బోర్డు చూసి రాసుకున్న కాగితం చూపించిన. శానసేపు చూసింది. పెదవులు బిగబట్టింది గని నవ్వు ఆగలేదు. చాట ఒళ్లోంచి జారింది.

"పరీక్ష కాదు, సమీక్ష తల్లీ. చూసినదాని మీద నీకేమనిపించిందో చెప్పుమన్నరు. మార్కులు లేవు, పాసు ఫెయిలు లేదు."

"నాలుగుసార్లు చూసిన వదినా."

"ఐదోసారి పెట్టు. వాడు అబద్ధమాడుడు నీకు నచ్చలేదంటివి, అదేందో నేను సుత చూడాలె." మళ్ల బియ్యంల చెయ్యి పెట్టి, "ఒత్తులు సగం ఎగ్గొట్టినవ్. పెన్ను సుత తయారు పెట్టుకో" అన్నది.

ఎప్పుడొస్తవ్ అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఇప్పుడు నాలుగు కావస్తున్నది. చాయ్ రెండుసార్లు మరిగింది, చేదెక్కి ఉంటది. మనుమరాలు టీవీ పెట్టి పోయింది, తెర మీద బొమ్మ ఆగి ఉన్నది. పరదా ఎత్తి కట్టిన. మళ్ల దించిన. ఎత్తి కడితే పిలిచినట్టుంటది, ఆమె ఎన్నడూ పిలిస్తే వచ్చిన మనిషి కాదు. గీ నాలుగు లైన్లు చెయ్యి ఊకె ఉండక రాస్తున్న. గోడ అవతల ఎవరో తలుపుకు బయటి నుంచి గొళ్లెం పెడుతున్న చప్పుడైతున్నది.