జెట్టీ మీద అమ్మ

ఆ ఊరి పేరు చెప్పబుద్ధి కాదు. సెలవులకు జనం గాలి పీల్చుకోవడానికి వెళ్లే సముద్రతీరం. ఓడలకు సరుకెత్తడానికి తెల్లవాళ్లు నీళ్లలోకి కట్టించిన పాత జెట్టీ ఒకటి అక్కడ ఉండేది. డెబ్బయ్యో దశకం మొదట్లో మా నాన్న బెల్లం బేరానికి అటు పోతూ అమ్మనూ నన్నూ వెంట తీసుకెళ్లాడు. పటాన్‌చెరులో మాది కిరాణా దుకాణం. అప్పటిదాకా అమ్మ చూసిన పెద్ద నీళ్లంటే మంజీరే.

జెట్టీ చివరిదాకా నడిచి అమ్మ ఆగిపోయింది. అది వంతెన అనుకుంది, పిచ్చితల్లి.

"గిది ఆవలొడ్డుకు పోదా?" అని అడిగింది.

నాన్న నవ్వాడు. ఆ నవ్వు నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు.

కింద అలలు తుంపరలు కొడుతుంటే అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. పున్నమికో అమావాస్యకో తప్ప సముద్రాన్ని తాకరాదని మా ఇంట్లో పట్టింపు. అమావాస్య ఎల్లుండే. అందాకా ఉండి, ఒక్క మునక వేసి వెళ్దామని నాన్నను బతిమాలింది. నాకు తెలిసి ఆమె నోరు తెరిచి అడిగిన కోరిక అదొక్కటే. పటాన్‌చెరులో కొత్తగా తెరిచిన ఫ్యాక్టరీ క్యాంటీనుకు మా దుకాణం నుంచే సరుకు వెళ్లాలి. నాన్నకు ఆ తొందర.

"సముద్రం ఏడికి వోతది? మల్లొద్దాం," అన్నాడు.

నిజమే, సముద్రం ఎక్కడికీ పోలేదు. అంతకుముందు అమావాస్యనాడు మా దుకాణం మూసి ఉండేది. ఫ్యాక్టరీలు ఒకదాని పక్కన ఒకటి లేచాక నాన్న ఆ రోజూ తెరిచాడు. పున్నమి దగ్గరపడితే అమ్మ ఒకసారి క్యాలెండర్ వైపు, ఒకసారి ఆయన వైపు చూసేది. పై నెల పోదాం అనేవాడు. ఇలాగే ఏళ్లు గడిచాయి. చివరికి పచ్చకామెర్లతో అమ్మ పోయింది.

అస్థికలు మంజీరలో కలపమని బంధువులన్నారు. నాన్న వినలేదు, ఆ సముద్రానికే బయల్దేరాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. ఆ వారం క్యాంటీనుకు సరుకు ఎవరు పంపారో నేను అడగలేదు.

మేం వెళ్లేసరికి జెట్టీ ఏదో తుపానుకు సగం కూలిపోయి ఉంది. మిగిలిన సగం ఎవరూ ఎక్కకుండా కర్రలు అడ్డం కట్టారు. ఒడ్డునే మోకాటి లోతు నీళ్లలో నిలబడ్డాం. ఇవాళ తిథి ఏమిటని నాన్న అక్కడి పంతులుగారిని అడిగాడు. సప్తమి అన్నాడాయన. ముంత పట్టుకుని నాన్న తటపటాయించాడు.

"అస్థికలకు తిథి పట్టింపు లేదండీ. కానివ్వండి," అన్నాడు పంతులుగారు.

నాన్న ఏడ్చాడు. నాకు జాలి కలగలేదు. ఆయన చేతుల్లోంచి ముంత తీసుకుని, సప్తమినాడు అమ్మను నేనే సముద్రంలో వదిలాను.