తమ్ముడి రేడియోలో మిల్లు కూత

ఊళ్ళో పండు ముసలాళ్ళు కూడా ఆమెని రేడియోఅక్క అనే పిలిచేవాళ్ళు. మూతబడ్డ నూలు మిల్లు గోడని ఆనుకుని ఒక గది, దాని తలుపుకి బయటి చప్పుడు రాకుండా మేకులు కొట్టిన పాత పరుపు, అందులో ఆమె నడిపే జనం రేడియో. లాభం కోసం కాదు, ఊరి కోసం. తప్పిపోయిన మేక దగ్గర్నుంచి కుళాయి నీళ్ళొచ్చే వేళ దాకా అన్నీ ఆమె నోటనే వినాలి. ఎవరైనా పెళ్ళి మాటెత్తితే, మైకుతో ఎప్పుడో అయిపోయింది పొమ్మనేది.

అలాంటి మనిషి కక్ష పట్టిందంటే ఊరికే పడుతుందా? పట్టించినవాడు సొంత తమ్ముడు. మైకు ముందు రెండు మాటలు కూడబలుక్కోలేని వాడికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో, నవ్వు ఎక్కడ ఆపుకోవాలో నేర్పింది ఆవిడే. నేర్చుకున్నాక అయ్యగారికి ప్రకటనల రేడియో మీద మనసైంది. లైసెన్సు తెచ్చుకుని బస్టాండు ఎదురుగా మేడమీద చిన్న స్టేషను పెట్టాడు. వెళ్తూ వెళ్తూ, జ్ఞాపకంగా ఉంటాయక్కా అని ఆమె పాత రికార్డింగులన్నీ కాపీ చేసుకుపోయాడు. పోనీలే, మనవాడే కదా అనుకుంది పిచ్చి మొహంది.

రేడియోలకి రూళ్ళుంటాయి. ప్రకటనల స్టేషను సబ్బు అమ్ముకోనీ, సున్నం అమ్ముకోనీ, పొద్దుటి కార్యక్రమం మాత్రం ఆ ఊళ్ళోనే, తాజాగా, తామే తయారుచెయ్యాలి. జనం రేడియో ప్రకటనలు వెయ్యకూడదు. సాయం చేసినవాళ్ళకి థాంక్స్ చెప్పొచ్చు గానీ వాళ్ళ పనితనాన్నీ సరుకునీ పొగడకూడదు. మరి బతికేదెలా అంటే, ఊళ్ళో ప్రకటనల స్టేషను కట్టే ఫీజులో ఒక వాటా జనం రేడియోకి నిధిగా ఇస్తారు. అంటే తమ్ముడి ఫీజుతోనే అక్క కరెంటు బిల్లు. ఇద్దరి తిండీ ఒకే కంచంలో పెట్టారన్నమాట.

గొడుగులు బాగుచేసే ఆయన ఒకసారి స్టేషను పైకప్పుకి రేకులు వేయించాడు. రేడియోఅక్క థాంక్స్ చెప్తూ చెప్తూ, ఆయన చెయ్యి పడ్డ గొడుగు గాలివానకి కూడా తిరగబడదంది. నోరు జారింది, అంతే. ఆ ముక్క పట్టుకుని తమ్ముడు ఫిర్యాదు పెట్టాడు. అక్క దొంగచాటుగా ప్రకటనలు వేస్తోందట! వచ్చి చెప్తే ఆవిడే లెంపలు వేసుకునేది కదా. అధికారులు వానాకాలమంతా స్టేషను మూయించారు. ఆ వానల్లోనే వాగు పొంగి, హెచ్చరించే గొంతు లేక, సంతలో కూరగాయల బళ్ళన్నీ కొట్టుకుపోయాయి. ఆ పూట తమ్ముడి రేడియోలో సబ్బు పాట మోగుతోంది.

ఆ రోజు ఒట్టు పెట్టుకుంది రేడియోఅక్క. వాడి నోరు మూయించేదాకా తనకి నిద్ర లేదని.

ఇంట్లో తల్లికి ఇవేమీ పట్టేవి కావు. పొద్దున కొడుకు గొంతు, సాయంత్రం కూతురి గొంతు వినేది. ఇద్దరూ నాకు రెండు కళ్ళు అనేది. కూతురి స్టేషను మూతపడ్డాక ఆ పాత రేడియోలో కొడుకునే వింటూ వంట చేసుకునేది. ఒక పొద్దున రేడియోలో బట్టలుతికే ముసలాయనతో తమ్ముడి ముచ్చట్లు వస్తున్నాయి. తల్లి ఉన్నట్టుండి లేచి, అటక మీద ఉన్న చనిపోయిన భర్త క్యారేజీ దించింది.

"ఏమే, మిల్లు మళ్ళీ తెరిచారా? కూత వేసింది, అన్నం సర్దాలి."

రేడియోఅక్క చప్పున రేడియో వైపు తిరిగింది. మిల్లుని ఎప్పుడో మూసేశారు, ఆ సైరన్ని కూడా పీకి పాత ఇనుముకి అమ్మేశారు. కూత వచ్చింది రేడియోలోంచి. దొంగ సచ్చినోడు! మిల్లు నడిచిన రోజుల్లో ఆమె చేసిన పాత రికార్డింగుల్లో ఆమె ప్రశ్నలు కోసేసి, తన గొంతు అతికించి, తాజా కార్యక్రమమని వేసుకుంటున్నాడు. గోడ అవతలి మిల్లు కూత మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ కూత కిందే పుట్టి పెరిగినవాడికి అది వినబడితేగా? అక్కకీ వినబడలేదు. ఏళ్ళ తరబడి ఆ కూతకే లేచి క్యారేజీ సర్దిన చెయ్యి కాబట్టి తల్లికి వినబడింది.

"నీ చెవుల్లో మోగిందిలేమ్మా" అంది రేడియోఅక్క. ఆ పూట ఎన్నాళ్ళకో కడుపునిండా తింది. ఆ వారమంతా తమ్ముడి కార్యక్రమాలు ఫోన్లో రికార్డు చేసుకుంది.

లైసెన్సులు కొనసాగించే విచారణకి ఇద్దర్నీ ఒకే రోజు పిలిచారు. కొత్త చొక్కా వేసుకొచ్చిన తమ్ముడు తనవన్నీ తాజావేనని ఘనంగా చెప్పుకున్నాడు. రేడియోఅక్క ఫోను బల్ల మీద పెట్టి, అందులో ఏముందో చెప్పింది. అధికారిణి మంచి మనిషి. అది వినిపిస్తే ఆయన లైసెన్సు పోతుంది, ఊళ్ళో ఇంకో ప్రకటనల స్టేషను లేదు, మీ నిధి కూడా ఆగిపోతుంది, బయటికెళ్ళి ఇద్దరూ మాట్లాడుకుని రండి అంది.

రేడియోఅక్క కుర్చీలోంచి లేవలేదు. తమ్ముడు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, నీ నోట్లో నువ్వే మట్టి కొట్టుకుంటావా?"

"నా నోట్లో నువ్వెప్పుడో కొట్టావు కదరా" అని మీట నొక్కిందామె.

గదంతా మిల్లు కూత. ఫైళ్ళు మోసుకొచ్చిన బంట్రోతు ఆ ఊరివాడే. ఇది మా మిల్లుదే మేడం అని అలాగే నిలబడిపోయాడు. తమ్ముడి మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. అది చూసి ఆమె నవ్వింది. మైకు ముందు ఎక్కడ ఆపుకోవాలో వాడికి నేర్పిన నవ్వే, తను మాత్రం ఆపుకోలేదు.

తమ్ముడి స్టేషను పోయింది. నిధి మిగిలినన్నాళ్ళూ అక్క గొంతు వినబడింది, తర్వాత కరెంటువాళ్ళు వచ్చి తీగ కోసేశారు. సాయం చెయ్యమని ఆమె ఎవర్నీ అడగలేదు. అడిగే మొహమూ లేదు. మళ్ళీ వాగు పొంగితే చెప్పే గొంతు ఊళ్ళో ఒక్కటీ లేదని సంతలో వాళ్ళు ఆమె ముందే అనుకున్నారు.

తీగ కోసిన రోజు సాయంత్రం ఇంటికొచ్చేసరికి తల్లి రేడియో ముల్లు ఈ చివర్నుంచి ఆ చివరికి తిప్పుతోంది. గరగర తప్ప ఏమీ లేదు.

"కూత నా చెవుల్లో మోగిందన్నావు కదే" అంది తల్లి, తలెత్తకుండానే. రేడియోఅక్క చెప్పులు విడిచి గుమ్మంలో కూర్చుంది.

"నీ కడుపు చల్లబడిందా?"

"చల్లబడిందమ్మా."

అబద్ధం కాదు, నిజంగానే చల్లబడింది. తల్లి ప్లగ్గు పీకి, వైరు చుట్టి, రేడియోని అటక మీద భర్త క్యారేజీ పక్కన పెట్టేసింది.