నిద్రపోని భుజం

జాలారిపేట ఒడ్డున పెద్దవల లాగేవాళ్ళలో మొదటి తాడు వీరన్నది. మొదటి తాడంటే ఊరికే ముందు నిలబడడం కాదు, పాట ఎత్తుకునేది కూడా అతనే. అతను "హైలె" అని సాగదీసి "స్సా" అని విరిస్తే వెనకున్న నడుములన్నీ ఒక్కసారే వంగేవి. తండ్రి తరవాత అతనికొచ్చిన చోటది. అలాంటి మనిషికి ఆ ఏడు కుడి భుజం పట్టేసింది. చొక్కా తొడుక్కోవాలన్నా భార్య నూకాలు సాయం పట్టాల్సిందే.

పేటలో ఒక కట్టుబాటుంది. గంగమ్మ పండగనాడు కొత్త వల నీళ్ళలో పడ్డాక మొదటి తాడు ఎవడు పడితే ఏడాదంతా ఆ చోటు వాడిదే. వీరన్న పట్టలేకపోతే బావమరిది గవర్రాజు పడతాడు. "నాకొద్దు బావా" అంటూనే ఉంటాడు గవర్రాజు, కళ్ళు మాత్రం తాడు మీదే.

నూకాలు మొగుణ్ణి సీతమ్మధారలో వ్యాయామంతో నొప్పులు తగ్గించే రోజలిన్ డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ సూదీ వెయ్యలేదు, మందూ రాయలేదు. ఎడం చెయ్యి బల్లకి ఆనించి, ముందుకి వంగి, కుడి చేతిని వేలాడదీసి మెల్లగా ఊపమంది.

"బలం పెట్టకండి బాబాయ్. చెయ్యి దానంతటదే ఊగాలి. ఏదైనా పాట పాడుకోండి, హాయిగా ఉంటుంది."

పాడమంటే వీరన్నకొచ్చిన పాట ఒక్కటే. ఇంట్లో బియ్యం డ్రమ్ము మీద చెయ్యి ఆనించి "హైలెస్సా" ఎత్తుకున్నాడు. "స్సా" అన్నప్పుడల్లా లేని తాడుని భుజం లాగేది. పండగ దగ్గరపడేకొద్దీ నొప్పి తగ్గడం మాట దేవుడెరుగు, రెట్టింపైంది. ఇక తన చోటు పోయినట్టేనని లోలోపల కుమిలిపోయాడు.

ఓ మధ్యాహ్నం నూకాలు చేపలమ్ముకొచ్చి, గుమ్మంలో తట్ట దించి చూసి పకపకా నవ్వింది.

"ఏటి సేత్తన్నావ్? అది లాగుడు పాట కాదేటి! ఊపమంటే లాగుతన్నావ్. ఊపడానికి జోల పాడాల."

"జోల నాకు రాదే."

నిజమే. ముగ్గురు పిల్లలూ ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో అతనెప్పుడూ ఒడ్డునే ఉన్నాడు.

"నాను పాడతాను, ఊపు" అని గడప మీద కూర్చుంది నూకాలు.

జో... జో... చెయ్యి మొదట బిగుసుకునే ఉంది. ఎప్పుడు వదులైందో తెలీదు, ఊగింది. కళ్ళు మూతపడ్డాయి. కాళ్ళకింద గచ్చు మెత్తబడి తడి ఇసకైంది. డ్రమ్ము తెప్పలా తేలింది. చెయ్యి తనది కాదు, నీళ్ళదే. పిల్లలు ముగ్గురూ మళ్ళీ ఉయ్యాల్లో ఉన్నారు, ఈసారి తనూ ఇంట్లోనే ఉన్నాడు. కళ్ళు తెరిచేసరికి నొప్పి పోలేదు గాని, ఎక్కడో దూరాన ఉంది.

అది మొదలు రోజూ జోలే. రోజలిన్ విని మురిసిపోయింది. గోడ మీద వేళ్ళు పాకించడం, రబ్బరు పట్టీ లాగడం ఒకదాని తరవాత ఒకటి నేర్పింది. చివరికి, "తాడు పట్టొచ్చు బాబాయ్. లాగుడికీ లాగుడికీ మధ్య మాత్రం భుజం వదిలెయ్యాలి" అంది.

పండగనాడు డప్పుల మోతలో వీరన్న తాడందుకున్నాడు. మొదటి "స్సా"కే భుజం కలుక్కుమంది. నలుగురిలో తాడు వదిలేస్తానేమోనని భయపడ్డాడు. అప్పుడు, "హైలె" అని సాగదీశాక "స్సా"కి ముందుండే ఆ కాస్త ఖాళీలో "జో" అని గొణిగాడు. భుజం వదులైంది. "స్సా" అనగానే లాగింది నడుము. ఆ ఖాళీ తండ్రి పాడిన పాటలోనూ ఉంది, ఇతనే ఏనాడూ వాడుకోలేదు. వల ఒడ్డుకి చేరేదాకా తాడు అతని చేతిలోనే ఉంది.

"ఏటి బావా, మజ్జిలో జో అంతన్నావ్? ఎవుల్ని నిద్దరపుచ్చుతన్నావ్?" అని నవ్వాడు గవర్రాజు.

"బుజాన్నిరా. మా అయ్య పోనకాడ్నుంచీ మెలకువగానే ఉండిపోనాది."

నూకాలు తట్టతో ఎదురొచ్చింది. "అయితే ఇంటికాడ ఇంక పాడక్కర్నేదా?" అంది.

"పాడాల" అన్నాడు వీరన్న. "బుజానికి కాదే, నాకు."