ఆరు మెషీన్లు, ఒకటే వేడి

మా బావకు ఏ పనైనా రెండుసార్లు చేయడమంటే ఒళ్ళు మంట. చెప్పులు విప్పేటప్పుడే మర్నాటికి వీలుగా వీధివైపు తిప్పి విప్పుతాడు. ఇరవై ఏళ్ళు ప్రోగ్రాములు రాసిన కంపెనీ మూతపడ్డాక, మా అక్క నడిపే లాండ్రీ మీద అతని కన్ను పడింది. అందులో ఆరు వాషింగ్ మెషీన్లు, ఆరింటికీ అరిగిపోయిన మీటలు. వాటిని పీకేసి అన్నింటినీ కంప్యూటర్‌తో నడిపిస్తానని ఏడాదిపాటు అక్క చెవిలో ఇల్లు కట్టుకుని పోరాడు.

చివరికి అక్క సరేనంది. "ఒక్క బట్ట పాడైందా, మీటలు మళ్ళీ బిగిస్తాను. మీరు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడాలి" అంది. పాత మీటలను అట్టపెట్టెలో వేసి, బావకు రోజూ కనబడేలా కౌంటర్ మీదే పెట్టింది. అక్క ఉత్తినే బెదిరించదు. బావకు ఆఫీసంటూ మిగిలింది ఆ కంప్యూటర్ బల్ల ఒక్కటే. అదీ పోతే మనిషి ఏమైపోతాడోనని నాకు దిగులు.

బావ 'మెషీన్' అని ఒక క్లాసు రాశాడు. క్లాసంటే అచ్చులాంటిది, ఆరు మెషీన్లూ అందులోంచి వచ్చినవే. షాపు పేరు, తెరిచే వేళ లాంటివి ఆరింటికీ ఉమ్మడి కాబట్టి అవి క్లాసులోనే ఒక్కచోట ఉంటాయి. అలాంటి ఒక్కోదానికి మెథడ్లు, అంటే పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాం ముక్కలు, చదివేది ఒకటి, మార్చేది ఒకటి రాయాలి. బావ రాస్తాడా? పేర్లిస్తే చాలు, రెండేసి మెథడ్లు వాటంతటవే పుట్టుకొచ్చేలా ఒక్క లైన్ రాసి పడేశాడు. ఆ ఊపులో నీటి వేడిని కూడా ఆ పేర్లలోనే చేర్చేశాడు.

ఎండాకాలమంతా వచ్చినవన్నీ నూలు బట్టలే, అన్నింటికీ ఒకటే వేడి. ఏ గొడవా లేదు. బావ మెడ నిటారుగా పెట్టుకుని తిరిగాడు. చలి మొదలైన రోజున జిమ్ మాస్టారు తన ఉన్ని స్వెటర్ తెచ్చాడు. అక్క దాన్ని రెండో మెషీన్‌లో వేసి, వేడి ఇరవైకి పెట్టింది. కాసేపటికి బావ ఐదో మెషీన్‌లో హోటల్ దుప్పట్లు వేసి, వేడి తొంభైకి పెంచాడు.

సాయంత్రం మాస్టారు వచ్చాడు. తలుపంత మనిషి. కౌంటర్ మీదున్నదాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూశాడు.

"ఇది నాదేనా అమ్మా?"

"మీదేనండీ" అంది అక్క తల దించుకుని.

"మా చంటిదానికి సరిపోతుందిలెండి" అని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

అక్క అరిచినా బాగుండేది. అట్టపెట్టెను మెల్లిగా బావ ముందుకు జరిపింది. బావ దానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్కరోజు ఆగు. తప్పు దొరికింది. వేడి ఆరింటికీ కలిపి ఒక్కటే పెట్టాను. ఐదోదానికి మారిస్తే అన్నింటికీ మారిపోయింది."

"అంటే ఆరు గిన్నెలకూ ఒకటే పొయ్యి పెట్టి, మంట ఎవరు పడితే వాళ్ళు పెంచేలా చేశారా?"

ఇరవై ఏళ్ళలో ఏ మేనేజరూ తన తప్పును ఇంత తేటగా చెప్పలేదని బావ లెంపలేసుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నానికల్లా ఏ మెషీన్ వేడి దానికే ఉండేలా మార్చాడు. షాపు పేరు, తెరిచే వేళ ఉమ్మడిగానే ఉంచాడు కానీ, వాటికి చదివే మెథడ్ మాత్రమే పుట్టేలా చేశాడు. ఆ పైన ఒంటిమీది స్వెటర్ విప్పాడు.

"నాది వేసి చూడు. పోతే నాదే పోతుంది."

అక్క దాన్ని తీసి పక్కన పెట్టింది. "మీది ఎలాగూ మీకు వదులు. కాస్త ముడుచుకుపోయినా ఏం తెలుస్తుంది?" అని, ఎవరినీ తాకనివ్వని తన ఉన్ని శాలువా తెచ్చి రెండో మెషీన్‌లో వేసి, వేడి ఇరవైకి పెట్టింది. ఐదోదానిలో దుప్పట్లు వేసి తొంభైకి పెట్టింది. నలభై నిమిషాలు ఇద్దరూ ఆ గుండ్రటి అద్దం ముందునుంచి కదల్లేదు.

శాలువా వేసింది వేసినట్టే బయటికొచ్చింది. అక్క కొసలు రెండూ పట్టి చూసుకుని, అట్టపెట్టెను తీసి బల్ల కిందికి తోసింది.

"ఇంకెందుకది, పారేయొచ్చుగా" అన్నాడు బావ.

"పారేయను. రేపు మీరు ఇంకో లైన్ రాస్తారుగా."

రేపు అన్న మాట వినగానే బావ మొహం చేటంత అయింది.