ఎడమ పక్క నట్టు

మా బావ పోయి నెల దాటింది. ఆ రోజు తెల్లవారుతూనే అక్క గోడ అవతల నుంచి పిలిచింది. "ఒరేయ్, మీ బావ పలకడం ల్యాదురా. ఒకసారి వచ్చి సూడు." చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. నాలుగు నెలలుగా మంచం మీదే ఉన్న మనిషి. అయినా అక్క నమ్మలేదు. "కాఫీ పెట్టినా, లేపరా" అంది.

నేను ఊరి బడిలో ఐదో తరగతి వరకే చదివాను. మాట్లాడటం కూడా తక్కువ. లాడ్జిలో నీళ్ల మోటారు, పైపులు చూసుకున్న మా బావలాంటి మనిషి గురించి రాసేవాళ్లు ఎవరూ ఉండరు. అందుకని నేనే రాస్తున్నాను. తప్పులుంటే మన్నించండి.

మాది తిరుచానూరు పక్కన చిన్న పల్లె. అక్కావాళ్లదీ నాదీ రెండిళ్లూ ఆనుకునే ఉంటాయి, నడుమ మొలెత్తు గోడ. బావ సైకిలు మీద లాడ్జికి పోయేవాడు, నేను పూలగంప కట్టుకుని గుడి దగ్గరి అంగళ్లకు పోయేవాణ్ణి. పనులు మానేశాక కూడా ఇద్దరం సైకిళ్లు వదల్లేదు. అక్కాబావలకు పిల్లలు లేరు. నా భార్య పోయి చాలా ఏళ్లయింది. మిగిలింది ముగ్గురం.

మాకొక పద్ధతి ఉండేది. ఎవరి సైకిలు వాళ్లం బాగు చేసుకోము. ఆదివారం పొద్దున నా సైకిలు ఆయన తీసుకుంటాడు, ఆయనది నాకిస్తాడు. ఇది బావ పెట్టిందే. "దినామూ తొక్కేవాడికి దాని చప్పుడు అలవాటైపోతాదప్పా. లోపం పక్కోడి చెవికే తెలిసేది" అనేవాడు. నా సైకిలు ఎక్కి వీధి చివరిదాకా పోయి వచ్చి, "బామ్మర్దీ, ఇది నీ మాదిరే. లోపల ఏమో ఉండాది, బయటికి చెప్పదు" అనేవాడు.

పనిముట్లు ఒక పాత బిస్కెట్ల డబ్బాలో ఉండేవి. గొలుసుకు నూనె కోడి ఈకతో పెట్టేవాడు. ఎక్కువైతే మన్ను పట్టుకుంటుందని, తుడిచి మళ్లీ తుడిచేవాడు. పంక్చరు చూడటానికి మాత్రం అక్క బియ్యం కడిగే తపేలానే కావాలి ఆయనకు. అక్క లోపలి నుంచి అరిచేది. "మళ్లీ తీస్తివా? ఆ ట్యూబు కడిగిన నీళ్లతోనే నీకు అన్నం వండతా సూడు!" బావ నీళ్లలో ట్యూబు తిప్పుతూ, బుడగ లేచిన చోట వేలు పెట్టి, "ఇదో, ఈడ ఏడస్తా ఉండాది" అనేవాడు. అక్క అలా అరుస్తుంటే నా వైపు తిరిగి, "మీ ఇంట్లో మాటలన్నీ ఈమే మూట కట్టుకోని వచ్చేసింది. నీకు ఒక్కటీ మిగల్చలేదు" అని నవ్వేవాడు.

నా భార్య పోయినప్పుడు నెల రోజులు నేను ఇంట్లోంచి బయటికి రాలేదు. సైకిలు వానలో తడుస్తూ గోడకు ఆనించే ఉంది. ఒకరోజు చూస్తే తుప్పు లేదు. టైర్లు గట్టిగా ఉన్నాయి. నేను పడుకుని ఉండగానే ఆదివారం ఆదివారం తీసుకుపోయి బాగు చేసి, మళ్లీ అక్కడే పెట్టిపోయేవాడట. నన్ను చూసి ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. "ఎక్కు. గాలి కొట్టినా" అన్నాడు. ఎక్కాను. ఆ రోజు నుంచి మళ్లీ పూలకు పోయాను.

బావకు ఇంకొక అలవాటు ఉండేది. నేను పని ముగించాక ఆయన తన సైకిలు హ్యాండిల్ పట్టి, ముందు చక్రం జానెడెత్తు లేపి నేల మీద కుదేసేవాడు. ఏదైనా వదులుగా ఉంటే గలగలమంటుంది. ఒక ఆదివారం అరుగు మీద వీధివాళ్లు నలుగురు కూర్చుని ఉండగా అలాగే కుదేశాడు. మడ్గార్డు స్క్రూ ఊగింది. "సూడండప్పా మా బామ్మర్ది పనితనం! పూలు కట్టినట్టు కట్టినాడు, బిగించలేదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఎన్నోసార్లు అన్నాడు అలా. ఎప్పుడూ బాధ లేదు. ఆ రోజు ఎందుకో ముఖం మండింది.

"నా పని మీద నమ్మకం లేకపోతే ఇంగ నా చేతికి ఇయ్యొద్దు బావా" అన్నాను.

మాట్లాడింది ఎవరా అని అక్క లోపలి నుంచి తొంగి చూసింది. బావ తల వంచుకుని స్క్రూ తానే బిగించుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఆయన ముందు చక్రం ఊడదీసి ఇరుసుకు గ్రీజు పెట్టాను. చక్రం ఎక్కించి కుడి పక్క నట్టు పానాతో బిగించాను. ఎడమ పక్కది వేళ్లతో తిప్పి పెట్టాను. ఇంతలో అక్క గ్యాస్ సిలిండరు మార్చమని పిలిచింది. మార్చి వచ్చాను. పని అయిపోయిందనుకుని పానా డబ్బాలో వేశాను. బావ వచ్చి హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు. ఎత్తబోయి నా వైపు చూశాడు. చెయ్యి తీసేశాడు. "నువ్వు చేసినాక ఇంగ సూసేది ఏముందప్పా" అని సైకిలు నడిపించుకుంటూ పోయాడు. నాకు సంతోషం కూడా వేసింది. ఆ సంతోషాన్ని ఇప్పుడు ఏం చేసుకోవాలో తెలియడం లేదు.

ఆది, సోమ, మంగళవారాలు తిరిగాడు. బుధవారం రైలు వంతెన దిగుతుండగా పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆటోవాళ్లు ఆసుపత్రికి తీసుకుపోయారు. నేను ముందు వంతెన దగ్గరికి పోయాను. టీ అంగడి గోడకు సైకిలు ఆనించి ఉంది. చక్రం ఫోర్కులోంచి పక్కకు ఒరిగి ఉంది. కుడి నట్టు ఉంది. ఎడమది లేదు. రోడ్డంతా వెతికాను. దొరకలేదు.

ఆసుపత్రిలో అక్క ఏడుస్తూ, "ఎట్ల పడితివయ్యా, చిన్నప్పట్నించి తొక్కేవాడివి" అని అడుగుతోంది. నేను గది గుమ్మం దగ్గర నిలబడ్డాను. బావ నన్ను చూశాడు. నన్నే చూస్తూ అక్కకు చెప్పాడు. "కుక్క. నల్ల కుక్క అడ్డం వచ్చింది."

అక్క నీళ్ల కోసం పోయినప్పుడు దగ్గరికి పోయాను. "బావా, ఆ నట్టు..." అన్నాను.

"నట్టు కాదు, కుక్క. నేను సూసినా గదా" అన్నాడు. గుమ్మం వైపు చూసి, "నేను పోతే ఆమెకు నువ్వొకడివే గదప్పా. నీ మీద కోపం పెట్టుకుంటే ఆమె ఇంగ ఎవరితో మాట్లాడతాది?" అన్నాడు.

ఆ నాలుగు నెలలు ఆయన ఒళ్లు తుడిచాను, పక్క మార్చాను. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. నేను ఎత్తి కూర్చోబెట్టేటప్పుడు నొప్పి పుట్టినా పళ్లు బిగపట్టేవాడు. నాకు వినపడకూడదని.

అక్క మా వీధి కుక్కలకు మిగిలిన అన్నం పెట్టే మనిషి. బావ పడ్డప్పటి నుంచి గుమ్మం పక్కన రాళ్లు పోగేసి పెట్టింది. నల్ల కుక్క కనబడితే చాలు, విసిరేది. నేను చూసి కూడా ఊరుకునేవాణ్ణి. బావ మాట నిలబెడుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నాకు భయం. అక్క కూడా పోతే నాకు ఎవరూ లేరు.

మొన్న ఒక నల్ల కుక్క మా ఎదురింటి తోపుడు బండి కింద పిల్లలకు పాలిస్తూ పడుకుంది. అక్క చూసింది. పిడికిలంత రాయి తీసుకుని పోయింది. "నా మొగుణ్ణి తిన్యావే, ఇప్పుడు పిల్లల్ని పెట్టుకోని పడుకున్నావా!" అంటూ చెయ్యెత్తింది. కుక్క లేవలేదు. లేస్తే పిల్లలు విడిపోతాయి.

"అక్కా, కుక్క కాదు" అన్నాను. "ఆ సైకిలు నట్టు నేను బిగించలేదు. బావకు తెలుసు."

అక్క ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. నా వైపు తిరిగింది. తర్వాత చెయ్యి మెల్లగా దించింది. రాయి మాత్రం కింద పడేయలేదు. దాన్ని పిడికిట్లోనే పట్టుకుని, నన్ను దాటుకుని ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది.