తప్పు నాదే అన్న కట్టెల కాంట్రాక్టరు

1961లో నేను మద్రాసు రాష్ట్రంలోని రాజపాళయంలో జనరల్ ఇన్సూరెన్స్ ఏజెంటును. పత్తి గోదాములకు ఫైర్ పాలసీలు, లారీలకు మోటారు పాలసీలు అమ్మితే ఇల్లు గడిచేది. చెట్లు కొట్టి కట్టెలు అమ్మే సుబ్బయ్య నాయకర్ నా దగ్గరకు ఇష్టపడి రాలేదు. మిల్లు కాంపౌండులో చెట్లు కొట్టాలంటే పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఉండాలని మిల్లువాళ్ళు పట్టుబట్టారు. మన పనివల్ల బయటివాళ్ళకు నష్టం జరిగితే మన బదులు కంపెనీ కట్టే పాలసీ అది.

షరతులు చదివి వినిపించాను. అందులో ఒకటి మరీ ముఖ్యం. ప్రమాదం జరిగితే, కంపెనీ అనుమతి లేకుండా తప్పు తనదని ఎవరిముందూ ఒప్పుకోకూడదు.

"కొమ్మ పోయి ఒకరి ఇంటిమీద పడితే నేను నోరు మూసుకొని నిలబడాల్నా తంబీ?" అన్నాడు.

"అవును అణ్ణా. మాట్లాడేది కంపెనీ."

"బాగుండాది మీ కంపెనీ," అని సంతకం పెట్టాడు.

ఆ వేసవిలోనే పక్కనున్న సత్రపట్టిలో ఒక పెద్ద చింతచెట్టు కొడుతుంటే, కొమ్మను ఇవతలికి లాగడానికి కట్టిన తాడు తెగింది. కొమ్మ పక్కింటి మునియమ్మ మగ్గం కొట్టంమీద పడింది. ఆమె నీళ్ళకు వెళ్ళింది కాబట్టి బతికిపోయింది. మగ్గం మాత్రం నుగ్గునుగ్గయింది. భర్త లేని మనిషి, ఆ మగ్గం ఆడితేనే ఇంట్లో పొయ్యి వెలిగేది.

సుబ్బయ్య ఇంట్లో ఒక పద్ధతి ఉంది. తమ చేతివల్ల ఒకరికి నష్టం జరిగితే, ఇంటికి పోయి మంచినీళ్ళు ముట్టకముందే వాళ్ళ వాకిట నిలబడి చెప్పాలి. ఆయన తలగుడ్డ తీసి, వీధంతా వింటుండగా "తాడు కట్టినది నేను. తప్పు నాదే" అన్నాడు. ఆ తర్వాతే నా దగ్గరకు వచ్చాడు.

నాకు ఒళ్ళు మండింది. "ముందే చెప్పినాను గదా అణ్ణా. ఇప్పుడు కంపెనీ చేతులెత్తేస్తే మీ బండీ ఎద్దులూ అమ్మాల్సిందే."

"అమ్ముతాను. నువ్వు చెప్పినది మరచిపోలేదు తంబీ. ఆమె మొగం చూసినాక నోరు మూసుకోను కాలేదు."

మదురై నుంచి సర్వేయర్ వచ్చాడు. నష్టాన్ని చూసి కంపెనీకి రిపోర్టు రాసే అధికారి. ఈయన ముక్కోపి అని పేరు. తెగిన తాడును తిప్పి తిప్పి చూశాడు, విరిగిన మగ్గం చూశాడు. తప్పు ఒప్పుకున్న మాట నిజమేనా అని తమిళంలో అడిగాడు. కాదని చెబితే బాగుండునని నా ఆశ. సుబ్బయ్య అవునన్నాడు.

అప్పుడు మునియమ్మ కలగజేసుకుంది.

"మా తమ్ముళ్ళు మంసాపురం నుంచి కర్రలెత్తుకొని వచ్చినారయ్యా. ఈయన బండి కాలుస్తాము, కోర్టుకు లాగుతాము అన్నారు. ముందే వచ్చి చెప్పినాడు గదా అని నేనే ఆపినాను. చెప్పకుండా పోయుంటే ఆపేదాన్ని కాదు."

సర్వేయర్ నన్ను పక్కకు పిలిచి, తప్పెవరిదో ఆ నాసి తాడే చెబుతోందని, సుబ్బయ్య ఒప్పుకున్నందువల్ల కంపెనీకి కొత్తగా వచ్చిన నష్టం లేదని, పైగా కోర్టు ఖర్చు తప్పిందని అన్నాడు. రిపోర్టులో అదే రాశాడు. మునియమ్మకు కొత్త మగ్గం వచ్చింది, సుబ్బయ్య ఎద్దులు ఆయన కొట్టంలోనే ఉన్నాయి.

కానీ మరుసటి ఏడాది కంపెనీ ఆయన పాలసీని రెన్యూ చేయనంది. నోరు ఆపుకోలేని మనిషితో రిస్క్ ఎక్కువట. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, మా కంపెనీ ఆ సామెత విన్నట్టు లేదు. ఆ కబురు ఆయనకు చెప్పడానికి నాకు చాలా బాధ వేసింది. పాలసీ లేదని మిల్లు పని కూడా పోయింది.

ఆ రోజుల్లోనే చింతచెట్టులో మిగిలిన సగం మునియమ్మ కొత్త కొట్టంవైపు ఒరిగింది. చెట్టుగలాయన పాలసీ ఉన్న వేరే కాంట్రాక్టరును మాట్లాడుకొని, నన్ను కూడా వెంట రమ్మన్నాడు. మునియమ్మ వాళ్ళను గొడ్డలి ఎత్తనివ్వలేదు.

"పాలసీ ఉండనీ, లేకపోనీ. తప్పు జరిగితే నా వాకిటికి వచ్చి చెప్పేవాడు కావల్ల. నాయకరును పిలవండి," అంది.

ఆ షరతును నేను ఆ తర్వాత కూడా అందరికీ గట్టిగానే చదివి వినిపించాను, నా పని అది. అయితే పాలసీ మగ్గాన్నే తెచ్చివ్వగలదని ఆ రోజు తెలుసుకున్నాను. సుబ్బయ్యను ఆ చెట్టు దగ్గరకు మళ్ళీ పిలిపించింది మాత్రం, అనవద్దని నేను చెప్పిన ఆ "తప్పు నాదే" అన్న మాటే.