కొలత తీయని బ్యాగు

ఊరంతా సాఫ్ట్‌వేర్ మోజులో ఉన్న రోజులవి. నేను యూసుఫ్‌గూడలో ఉంటూ, ఫిల్మ్‌నగర్‌లో సినిమావాళ్లకు బట్టలు కుట్టేదాన్ని. హీరోయిన్ జాకెట్టు అర అంగుళం వదులైనా విప్పి మళ్లీ కుట్టేదాన్ని.

నా కూతురు ఇంజనీరు కావాలని ఇంగ్లీషు మీడియంలో చేర్పించాను. పెరిగే పిల్ల కదా, పదో తరగతి దాకా వస్తుందని మూడో తరగతిలోనే పెద్ద బ్యాగు కొన్నాను. అది నడుము దాటి వేలాడేది.

"అమ్మా, ఎనకకు గుంజుతున్నదే," అని రోజూ ఏడ్చేది.

"పెద్దగైతే నీకే సరిపోతది, నడువ్!" అని కసిరేదాన్ని.

ఒక ఉదయం బడి మెట్లెక్కుతుంటే బ్యాగు బరువుకు వెనక్కి పడింది. మోచెయ్యి విరిగింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బ్యాగు చూసి మండిపడింది. "పిల్లకు తగిన సైజు కొని, పట్టీలు బిగించి, రెండు భుజాలకూ వెయ్యాలమ్మా. ఆ మాత్రం తెలీదా? ఏం చేస్తుంటావు?"

మెడలో వేలాడుతున్న కొలత టేపును కొంగు కింద దాచుకున్నాను.

ఊళ్లోవాళ్లందరి కొలతలూ తీశాను, కన్నబిడ్డ వీపు మాత్రం చూడలేదు. ఇప్పుడు దాని బట్టలు నేనే కుడతాను. కొలతకు ఆ విరిగిన చెయ్యి చాపమంటే సగం చాపి ఆగిపోతుంది.

"గింతే వస్తదమ్మా," అంటుంది.